కొంగ గీసిన ఎర్రగీత

చెరువుకు వెళ్లే దారిని తిన్నగా, వెడల్పుగా చేయాలని అడవి నిశ్చయించింది. కొలతల పని చూసే కొంగ, దారి మలుపులో రేగుపళ్లు అమ్ముకునే ఉడుత పొదపై ఎర్రమట్టితో గీత గీసింది. గీత పడితే పొద పోయినట్టే.

"కొంగ బావా, నా బతుకు మీదే గీశావే!" అంది ఉడుత.

"ఇక్కడ ఆగేదెవరమ్మా? నేను వచ్చినప్పుడల్లా ఖాళీయే."

"ఎప్పుడొస్తావేం?"

"మిట్టమధ్యాహ్నం. అడ్డెవరూ ఉండరు, కొలత చక్కగా వస్తుంది."

"ఒక్క సాయంత్రం వచ్చి చూడు."

కొంగ వచ్చింది. నీళ్లు తాగి మళ్లిన జింకలూ, కుందేళ్లూ, ముసలి తాబేలూ పొద చుట్టూ చేరి కబుర్లలో పడ్డాయి. రెండో కాలు మోపే చోటు లేక కొంగ ఒంటికాలి మీదే నిలబడి, చాలాసేపు ఆలోచించి, తన రెక్కతోనే గీత తుడిచేసింది.

ఉడుత ఊపిరి పీల్చుకుని పండొకటి అందించింది.

"ఇకనుంచి సాయంత్రాలే కొలుద్దువు గాని, బావా."