సందులో నింపినది

ఆ ఉదయం పెనుకొండలోని ఆ పెరట్లో నలుగురు ఉన్నారు.

వరుసలో మొదటివారు ఇంటి యజమాని రంగయ్య గారు. ధర్మవరంలోని పట్టుచీరల దుకాణాన్ని తమ్ముడి కొడుకుకు అప్పగించి విశ్రాంతి తీసుకొంటున్నవారు. రెండవవారు ఆయన భార్య రాజేశ్వరమ్మ. మూడవవాడు హిందూపురం నుంచి వచ్చిన కాంట్రాక్టరు ఉమేష్. నాలుగవవాడు, తాపీ చంకలో పెట్టుకొని పెరటి అంచున నిలబడిన ఒక ముసలి బేల్దారి.

ఉమేష్ తెచ్చిన మనిషి కాబోలని రంగయ్య గారు అతని పేరు అడగలేదు.

పెరడంతా తాడిపత్రి నాపబండలు పరచడం ముగిసింది. తేలవలసినది ఒక్కటే: బండల నడుమ సందులను దేనితో నింపాలి?

ఉమేష్ మూడు నమూనాలు చూపాడు. ఇసుక నీటిని దింపుతుంది. సిమెంటు నాలుగు ఎండలకు చిట్లుతుంది. ఎపాక్సీ జిగురు చుక్క నీటిని కూడా దిగనివ్వదు.

"అదే కావాల," అన్నారు రంగయ్య గారు. "నేల వాటం ఆ గోడ దిక్కే పెట్టించినా. పడిన వాన పడినట్టు ఆడికే పోవల్ల."

ఆ గోడ పక్కింటి కదిరమ్మది. రాయీ మట్టీ కలిపి కట్టిన పాత గోడ. దానికీ పెరటికీ నడుమ రెండడుగుల సందు. ఆ సందు కోసం రంగయ్య గారు ఏడేళ్లు వ్యాజ్యమాడి, నిరుడు ఓడిపోయారు. తీర్పు వచ్చిన మరునాడు కదిరమ్మ ఆ సందులో ముగ్గు వేసింది.

ఓటమిని ఆయన మరచిపోగలిగేవారేమో. ముగ్గును మరవలేదు.

"ఆ గోడ అవతలే ఆ యమ్మ పొయ్యి ఉండాది," అన్నది రాజేశ్వరమ్మ మెల్లగా.

"ఉండనీలే. సందు నాకు దక్కకపోతే గోడ ఆమెకు దక్కకూడదు."

ముసలి బేల్దారి అప్పుడు మొదటిసారి నోరు తెరిచాడు.

"సందు అనేది బిగించేదానికి కాదు శెట్టీ. బండ ఎండకు సాగుతాది, చలికి ముడుక్కుంటాది. నడుమ రోంత చోటు ఇడిస్తేనే రెండు బండలూ బతికేది. ఇసక నింపండి."

"ఏమబ్బా, కోర్టు చెప్పింది చాలక నువ్వూ తీర్పు చెప్తాండావా?"

ఉమేష్ నవ్వాడు. ముసలివాడు నవ్వలేదు. తలవంచి, సందులు నింపే పని తనకే ఇప్పించమన్నాడు. రంగయ్య గారు సరేనన్నారు.

మరునాడు రంగయ్య గారు ధర్మవరం వెళ్లి, పెళ్లిళ్ల బేరాల ఒత్తిడి వల్ల నాలుగు రోజులు ఉండిపోయారు. తిరిగి వచ్చేసరికి సందులన్నీ నల్లగా, నున్నగా ఉన్నాయి. బేల్దారి వెళ్లిపోయాడు.

ఆయన స్వయంగా రెండు బిందెల నీళ్లు కుమ్మరించి చూశారు. నీళ్లు వాటం పట్టుకొని కదిరమ్మ గోడ వైపు పరుగెత్తాయి. చివరి రెండు వరుసల బండలను చేరి, మాయమయ్యాయి.

తాళపుచెవితో గీకారు. ఆ రెండు వరుసల సందుల్లో ఎపాక్సీ లేదు. నల్లరాతి పొడి కలిపిన ఇసుక ఉంది.

ఆయన ఉమేష్‌కు ఫోను చేశారు.

"నీ మనిషి నన్ను మోసం చేసినాడు."

"నా మనిషా? మీ మనిషి అనుకుంటి సార్."

ఉమేష్ తీసిన పెరటి ఫొటోలో ఒక మూల ముసలివాడు కూడా పడ్డాడు. రంగయ్య గారి ఆజ్ఞపై ఆ ఫొటో మేస్త్రీల వాట్సాప్ గుంపులన్నింటికీ వెళ్లింది. హిందూపురంలో గానీ, పెనుకొండలో గానీ, ధర్మవరంలో గానీ ఇతని చేతికి ఎవరూ పని ఇవ్వరాదు.

ఎవరూ ఇవ్వలేదు.

ఆ రెండు వరుసలకు ఎపాక్సీ పెట్టడానికి ఉమేష్ రేపు మాపు అంటుండగానే నెల గడిచి, వాన పట్టుకొంది.

ఐదు రోజులు కురిసింది. మూడవనాడు గోడ అవతల గొల్లున ఏడుపు వినిపించింది. గోడ కూలిందనుకొని రంగయ్య గారు గొడుగు కూడా మరచి పెరట్లోకి వచ్చారు.

గోడ నిలిచే ఉంది. ఆయన లోపలికి వెళ్లి తలుపు వేసుకొన్నారు.

వాన వెలిసిన వారానికి, మూడేళ్లుగా ఎండిపోయి ఉన్న పెరటి బోరు నీళ్లు పోసింది.

ఉమేష్ వచ్చి చివరి రెండు వరుసల బండలు ఎత్తించాడు. కింద ఇసుక, దాని కింద కంకర, అడుగున రాళ్లు పేర్చిన కాలువ. ఆ కాలువ వెళ్లి బోరు పక్కన బండల కింద తవ్విన ఇంకుడు గుంతలో కలిసింది.

"నలుగురు చేసే పని సార్ ఇది," అన్నాడు ఉమేష్. "ఒక్కడే చేసినాడు."

రంగయ్య గారు కాలువలోని ఒక రాయిని తీసి చూసి, తిరిగి అక్కడే పెట్టారు.

"ఆయప్పను పిలిపించల్ల. యాడుండాడో కనుక్కో."

రాజేశ్వరమ్మ గడపలో నిలబడి ఉంది. ఆ నాలుగు రోజులూ బేల్దారికి మజ్జిగ ఇచ్చినది ఆమే.

"యాడని వెదుకుతారు? మీ ఫొటో చూసి ఎవరూ పనియ్యకపోతే, రామగిరి దిక్కు కంకర కొట్టేదానికి పోయినాడంట. ఆడ్నే పడి పాణం ఇడిచినాడు. వానలో మీరు విన్న ఏడుపు గోడ కోసం కాదు."

"నీకు ముందే తెలుసునా ఆయప్ప ఎవరో?"

"మజ్జిగ ఇచ్చేటప్పుడు పేరు అడిగినా. మీరు అడగల్యా."

ఆ ఉదయం పెరట్లో నిలిచిన నలుగురిలో చివరివాడు, ఆ ఇంటి బోరుకు నీరు తెచ్చినవాడు, నల్లమాడ బేల్దారి పాపన్న, పక్కింటి కదిరమ్మకు కన్నతండ్రి అని ఇందుమూలముగా గుర్తించడమైనది.