నిమిషానికో చుట్టం

ఫోను మోగింది. కుర్చీల వ్యాపారి దాని మీద పేరు చూసి కట్ చేశాడు.

“మా అన్నయ్య. రోజూ ఇదే గోల, ‘ఏరా, ఎలా ఉన్నావ్?’ అని. కొట్లో ఈగలు తోలుకునేవాడికి ఇంకేం పని? అందుకే రేపే వాటాలు తేల్చుకుంటున్నా. కొట్టు ఆయనకి, వెబ్‌సైటు నాకు. నువ్వే చూడవోయ్, నిమిషం తప్పకుండా ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. అర్ధరాత్రి కూడా!”

ఆ వెబ్‌సైటును క్లౌడులో పెట్టిచ్చిన బావమరిది తెరమీద వచ్చిపోయినవాళ్ళ లెక్కల వరసలన్నీ చూసి గొంతు సవరించుకున్నాడు.

“ఇంతమంది వచ్చారు గదా, ఒక్క కుర్చీ అయినా అమ్ముడైందా బావా?”

“చూడాలి, మెచ్చుకోవాలి, ఇంట్లో అడగాలి. కుర్చీ అంటే బఠాణీలా, కొని నోట్లో వేసుకోడానికి?”

“వీళ్ళు కుర్చీలో కూర్చునే రకం కాదు బావా. అసలు మనుషులే కాదు. ఇదంతా క్లౌడు కంపెనీ వాళ్ళ యంత్రం. నిమిషానికోసారి మన సైటు తలుపు తట్టి ‘బతికున్నావా?’ అని అడుగుతుంది. ‘ఉన్నా’ అంటే వెళ్ళిపోతుంది.”

వ్యాపారి మొహంలో కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు. నెల రోజులుగా తన కుర్చీల కోసం నిద్ర మానుకున్న అభిమానులంతా ఒక్క మాటతో లేచిపోయారు.

“మనుషులు ఒక్కరూ లేరా?”

“ఎందుకు లేరూ? రోజుకి పదిసార్లు నువ్వు వస్తున్నావుగా.”

వ్యాపారి తెరమీది వరసలకేసి వేలు చూపించాడు.

“అది అడిగినప్పుడు పలక్కపోతే?”

“రెండు మూడుసార్లు చూస్తుంది. తర్వాత మన సైటు చచ్చిందనుకుని, దాన్ని పీకేసి ఇంకోటి పెడుతుంది.”

ఫోను మళ్ళీ మోగింది. మొదటి మోత పూర్తికాకముందే వ్యాపారి ఎత్తాడు.

“బతికే ఉన్నానన్నయ్యా!”