గుసగుస

“తప్పుకో అమ్మాయ్! ఆవిడ మా మేనత్త!”

“కావచ్చు. ముందు తలుపు దగ్గర్నుంచి మీరు తప్పుకోండి,” అంది వాలంటీరు.

ఆమె మెడలో కాలేజీ సేవా ప్రాజెక్టు కార్డు వేలాడుతోంది. చేతిలో పళ్ల సంచీ ఉంది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లను వారానికోసారి పలకరించి రావడం వాళ్ల పని. ఇది ఆమెకిచ్చిన మొదటి ఇల్లు. లిఫ్టు దిగేసరికే ఈ బట్టతల మనిషి ఆ ఇంటి తలుపును దబదబా బాదుతున్నాడు.

శిక్షణలో మేడం ఒకటికి పదిసార్లు చెప్పింది. పెద్దవాళ్లను ముంచేది ముక్కూ మొహం తెలియని దొంగ కాదు, చుట్టాన్నంటూ ఊడిపడేవాడు. వాణ్ణి దూరంగా నిలబెట్టాలి. పెద్దవాళ్లను విడిగా అడగాలి. వాళ్ల మాటే ఆఖరి మాట.

“నిన్నట్నుంచి మెసేజ్‌లకి జవాబు లేదమ్మా. ఒక్కసారి మనిషిని కళ్లారా చూసి వెళ్లిపోతాను,” అన్నాడతను.

“ఫోన్ చెయ్యలేకపోయారా?”

“ఎత్తినా ఏం లాభం? ఆవిడకి చెవుడు. పక్కనే పిడుగు పడ్డా వినబడదు.”

“మరి ఇందాకట్నుంచి తలుపెందుకు బాదుతున్నారు?”

“బెల్లు నొక్కితే లోపల లైటు వెలుగుతుంది. అది చూసి వస్తుంది. ఎంత నొక్కినా రాకపోయేసరికి కంగారులో బాదేశాను. కావాలంటే ఇదిగో, ఫొటో చూడు,” అంటూ ఫోన్ తీశాడు.

“ఫొటోలు ఈ రోజుల్లో ఎవరైనా తయారు చేస్తారు. మీరు వెళ్లి ఆ లిఫ్టు దగ్గర నిలబడండి. ఆవిడతో నేను మాట్లాడతాను.”

“ఖర్మ! సొంత అత్తను చూడ్డానికి ఈ పిల్లకాకి దగ్గర పర్మిషను!” గొణుక్కుంటూ వెళ్లాడతను.

వాలంటీరు బెల్లు నొక్కి, కార్డును తలుపుకున్న అద్దపు కన్నుకి ఎదురుగా పెట్టింది. కాసేపటికి తలుపు జానెడు తెరుచుకుంది. లోపల గొలుసు వేసే ఉంది. సందులోంచి తలమీదుగా కప్పుకున్న బూడిదరంగు శాలువా, మందపాటి కళ్లద్దాలు కనిపించాయి. ఒక దగ్గు వినిపించింది.

వాలంటీరు తలుపు సందుకి మొహం ఆనించి, లిఫ్టు దగ్గరకి ఒక్క మాట కూడా వినబడకుండా గుసగుసలాడింది. “భయపడకండి బామ్మగారూ. నేను సేవా ప్రాజెక్టు నుంచి వచ్చాను. అక్కడొకాయన మీ మేనల్లుణ్ణంటున్నాడు. నిజమేనా?”

“నాకు మేనల్లుడెక్కడమ్మా!” లోపలి నుంచి అంతే సన్నగా వచ్చింది జవాబు. “నిన్నట్నుంచి ప్రాణం తీస్తున్నాడు. పంపించెయ్ తల్లీ, నీకు పుణ్యముంటుంది.”

వాలంటీరుకి తన మాట తనకే సరిగా వినబడలేదు. అలాంటి మాటకి టక్కున జవాబు చెప్పిన మనిషికి చెవుడట! దొరికిపోయాడు వెధవ.

ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. కింద వాచ్‌మన్‌కి ఫోన్ కొట్టింది. అతను కొత్తగా చేరినవాడు. లిఫ్టులో పైకి వచ్చి, ఈ మనిషిని ఎప్పుడూ చూడలేదన్నాడు. అంటూనే అతని జబ్బ పట్టుకున్నాడు.

“ఆవిడ ఏమందో చెప్పమ్మా! నన్ను చూసిందా?” అతను గింజుకున్నాడు.

“మేనల్లుడే లేడంది.”

“అత్తయ్య అలా అనదు! నేను పోలీసుల్ని తీసుకొస్తాను!”

“తీసుకురండి. మాకూ అదే కావాలి.”

“పదండి సార్, పదండి. ఇక్కడ గొడవ చెయ్యకండి,” అంటూ వాచ్‌మన్ అతన్ని లిఫ్టులోకి తోశాడు.

వాలంటీరు మళ్లీ తలుపు దగ్గరికి వచ్చింది. “పీడ వదిలింది బామ్మగారూ. పైగా మీకు చెవుడని నాకే కథలు చెప్పాడు!”

“చెవుడా? నాకా?” లోపల నవ్వు, వెంటనే దగ్గు. “చీమ నడిచినా వినిపిస్తుందమ్మా నాకు. గట్టి పిండానివే నువ్వు.”

ఆ మెచ్చుకోలుకి వాలంటీరు మొహం వెలిగిపోయింది. పళ్ల సంచీని సందులోంచి అందించింది. లోపలి చెయ్యి దాన్ని చటుక్కున అందుకుంది. ఈ వయసులోనూ పట్టు బాగానే ఉందనుకుంది.

“లోపలికి పిలవలేదని ఏమీ అనుకోకమ్మా.”

“అయ్యో, పిలిచినా రాను బామ్మగారూ. మొదటిసారి గడప దాటకూడదు. మీ క్షేమం కోసమే ఆ రూలు.”

“మంచి రూలు,” అంది లోపలి గొంతు, మనస్ఫూర్తిగా.

తలుపు మూసుకుంది. వాలంటీరు హుషారుగా మెట్లు దిగుతూనే మేడంకి మెసేజ్ పెట్టింది: ‘మొదటి ఇంట్లోనే ఒక మోసగాణ్ణి పట్టేశాను!’ కింది అంతస్తు చేరేలోగా శభాష్ అంటూ జవాబు వచ్చేసింది.

అడుగుల చప్పుడు పూర్తిగా ఆగేదాకా తలుపు వెనక మనిషి కదల్లేదు. తర్వాత శాలువా తీసేసింది. కళ్లద్దాలు తీసి బల్లమీద పడేసింది. నల్లటి జుట్టు ముడేసుకుంటూ పడగ్గదిలోకి నడిచింది. అక్కడ కుర్చీకి కట్టేసి, నోటికి గుడ్డ కుక్కి ఉన్న ముసలావిడ చెవిలో నోరు పెట్టి గట్టిగా అరిచింది.

“మీ మేనల్లుడు వెళ్లిపోయాడు! ఇప్పుడైనా చెప్తారా, బీరువా తాళం ఎక్కడుందో?”