పక్క బెంచీ తూటాలు

"కొంప మునిగింది!" అంది బ్రాంటీ.

మోచెయ్యి తగిలి తూటాల పళ్ళెం బోర్లా పడింది. తుపాకి మందంతా సిమెంటు నేల పాలయింది. ఈ రైఫిల్ ఆటలో ఎవరి తూటాలు వాళ్ళే నింపుకోవాలి, అదీ బెంచీ పక్కనే, ఆటకీ ఆటకీ మధ్య దొరికే కాస్త టైములోనే.

మందు పోసి గుండు బిగించినవి అయిదే మిగిలాయి.

రెండొందల గజాల అవతల, రెండు గడులున్న గురి అట్ట. పై గడిలో కాల్చే అయిదే లెక్కకొస్తాయి. అవి ఎంత దగ్గరగా పడితే అంత గొప్ప. గాలి ఎలా ఉందో చూసుకోడానికి కింద గడిలో ఎన్నయినా కాల్చుకోవచ్చు. చూసుకోడానికి బ్రాంటీ దగ్గర ఒక్కటీ లేదు.

ఇది ఆఖరి ఆట. విక్టోరియా రాష్ట్ర జట్టులో చివరి చోటు దీంతోనే తేలిపోతుంది. స్కూలు బస్సు నడుపుకుంటూ రెండేళ్ళుగా ఆమె ఈ ఆట నేర్చుకున్నది దానికోసమే మరి!

పక్క బెంచీలో ఒక పెద్దాయన తాపీగా టీ తాగుతున్నాడు. పేరు మెర్వ్. ఎక్కడో దూరపు క్లబ్బు. బ్రాంటీ ఆయన్ని చూడటం అదే మొదలు.

"తాతా, మీవి నాలుగు ఇస్తారా?"

"నా తూటా నీ రైఫిల్లో పట్టదు తల్లీ. బలవంతాన దూర్చావంటే రేపు ఇద్దరం పేపర్లో పడతాం."

"మరి నా గతేంటి?"

"కంగారుపడకు. ఆట ఏడు నిమిషాలుంటుంది. కళ్ళు తెరుచుకుని కూర్చో."

'అబ్బ, ఏం సలహా!' అని గొణుక్కుంది బ్రాంటీ.

"ఇక కాల్చండి!" పోటీ నడిపే కెప్టెన్ రెలీన్ కేకేసింది.

గాలికి పిచ్చెక్కినట్టుంది. దగ్గరి జెండాలు ఎడమకి, దూరపు జెండాలు కుడికి. దేన్ని నమ్మాలి? బ్రాంటీ వేలు కదల్లేదు.

పెద్దాయన మాత్రం కింద గడిలో టపటపా పేల్చేస్తున్నాడు. ఆమె దుర్భిణి అంచున ఆయన అట్ట కనబడుతోంది. ఒక చిల్లు కుడికి. ఇంకోటి కూడా కుడికే. గాలి సద్దుమణిగాక ఒకటి సరిగ్గా నడిమికి.

'మొండి ముసలాయన! గురి మార్చుకోడేం?' అనుకుంది. అయినా గాలి ఎంత తోస్తోందో ఆ చిల్లులే చెప్పేస్తున్నాయి.

ఆయన తూటా నడిమికి పడ్డప్పుడల్లా వెంటనే తనదొకటి వదిలింది. అయిదూ అయ్యాయి. అయిదింటికీ కలిపి ఒకే చిల్లు!

"ఆపండి!"

పెద్దాయన పై గడి తెల్లగా ఉంది. అందులో ఒక్క తూటా లేదు.

"ఏం తాతా, పై గడి సంగతే మర్చిపోయావా?" వెనక నుంచి ఎవరో ఎకసెక్కమాడారు. అందరితో పాటు బ్రాంటీ కూడా నవ్వింది.

"వయసు నాయనా, వయసు," అంటూ ఆయన రైఫిల్ సర్దుకున్నాడు.

సాసేజీలు కాలుస్తూనే రెలీన్ ఫలితం చెప్పింది. "చివరి చోటు బ్రాంటీది!"

బ్రాంటీకి ఏడుపు ఆగలేదు. "అంతా ఆ తాత చలవే. ఎక్కడాయన? కాళ్ళకి దండం పెట్టినా తక్కువే."

"వెళ్ళిపోయాడు. వాళ్ళ ఊరు చాలా దూరం."

గేటు దాకా పరిగెత్తింది. దారిలో దుమ్ము తప్ప ఏం లేదు. తిరిగొచ్చి, "పాపం, మతిమరుపుతో అన్నీ కింద గడిలోనే కాల్చేసుకున్నాడు," అంది.

రెలీన్ చేతిలో పట్టకారు ఆగింది.

"మతిమరుపా? పిచ్చిదానా, ముందాటల లెక్కలో నీకంటే పైనున్నది ఆయనే. పై గడిలో ఎలాగోలా అయిదు కాల్చి ఉంటే చాలు, ఆ చివరి చోటు మెర్వ్‌దే."