అక్క వీపు మీద మచ్చ

మా అక్క సుగుణ చచ్చిపోతుందేమోనని నా భయం. నిన్నటిదాకా తెల్లబడే క్రీములు పూసుకున్న జనమే, ఇప్పుడు నలుపే అందమంటూ కిరాణా కొట్లో ఒళ్లు నల్లబరిచే మందు సూదులు కొని పొడుచుకుంటున్నారు. ఆ సూదులకే అక్క వీపున కొత్త మచ్చ లేచింది. డాక్టరుకు చూపించకుండా, పుట్టుమచ్చల ఫలితాలు చెప్పే పంతులుకు ఫొటో పంపింది, మహాతల్లి!

“ఈ మచ్చకి నేను ఇల్లు కడతానని పంతులు చెప్పాడే! నీ పాపకీ సూది వేయించు, మచ్చొస్తే మీ దరిద్రం వదులుద్ది.”

“మచ్చ నుంచి నెత్తురు కారతంది గదక్కా?”

“నీ ఏడుపు తగిలే కారతంది. పో!”

పాపను ఎత్తుకుని వచ్చేశాను. నాలుగు రోజులుగా అక్క ఫోను ఎత్తడం లేదు. బ్రాడీపేటలో, మిషను కుట్టే మస్తానయ్య కొట్టు మేడ మీద ఉంటుంది. నేనంటే తలుపు తీయదు, అటు వెళితే మీరు తట్టండి. తిట్టిందని చెప్పినా నాకు చాలు.