అమ్మ మెచ్చని వ్యాసం

దగ్గరికి జరగండర్రా. గోడకి చేరబడ్డవాళ్ళు కూడా ఇటు రండి. ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు.

"మళ్ళీ రాయి," అంటూ అమ్మ కాగితం మీద అడ్డంగా గీత కొట్టేసింది.

పిట్ట మొహం ఇంతయిపోయింది. పదేళ్ళ పిల్ల, ఒంట్లో పిడికెడు కండ లేదు, అందుకే అందరికీ పిట్ట అయింది. ఆ ఇంట్లో బడి అంటే వంటింటి బల్లే, పంతులమ్మ అంటే అమ్మే. నిన్న సాయంత్రం ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. పిట్ట నాన్న మీద వ్యాసం రాయాలి. అమ్మ బాగుందన్న మరుక్షణం ఇద్దరూ ఆస్పత్రికి వెళ్ళాలి, మంచం పక్కన నిలబడి పిట్ట దాన్ని నాన్నకి చదివి వినిపించాలి. వారం రోజులుగా నాన్నని చూడని పిల్ల మరి, నిద్ర లేస్తూనే పెన్సిల్ పట్టుకుంది.

"ఏం తప్పు రాశానమ్మా?"

"‘మా నాన్న చాలా మంచివాడు, నేనంటే ప్రాణం.’ ఏ పిల్లయినా ఇదే రాస్తుంది. ఇందులో మీ నాన్న ఎక్కడ కనబడ్డాడే? ఏం చేస్తాడు, ఎలా నడుస్తాడు, అది రాయి."

పిట్ట పెన్సిల్ కొరుకుతూ కూర్చుంది. పొయ్యి మీద పాలు పొంగి పారుతున్నా అమ్మ కదల్లేదు. పిట్టే లేచి పొయ్యి ఆర్పి వచ్చింది. తర్వాత తల వంచి గబగబా రాసి, లేచి నిలబడి చదివింది.

"మా నాన్న బస్సు డ్రైవరు. ఇంట్లో కూడా బస్సే నడుపుతాడు. వంటింటి మలుపు దగ్గర నోటితో హారన్ కొట్టందే లోపలికి రాడు. అమ్మ చేతిలో వేడి గిన్నె ఉంటే గోడకి అతుక్కుపోయి ‘రైట్, రైట్, పోనీ’ అంటాడు. ఇప్పుడు ఇంట్లో హారన్ లేదు. ఆ మలుపులో అమ్మా నేనూ రోజూ గుద్దుకుంటున్నాం."

అమ్మ కాగితం తీసుకుంది. చూసింది, చూస్తూనే ఉంది. ఎర్ర పెన్ను మూత తీసింది, మళ్ళీ పెట్టేసింది.

"బాగాలేదు. మళ్ళీ రాయి."

"ఏది బాగాలేదో చెప్పు!"

"అక్షరాలు వంకరగా ఉన్నాయి."

"అక్షరాలు తర్వాత, ముందు మాట నిజంగా ఉండాలని ఎప్పుడూ నువ్వే అంటావుగా!" పిట్టకి ఏడుపు తన్నుకొచ్చింది. "నువ్వు కావాలనే చేస్తున్నావు. నన్ను నాన్న దగ్గరికి తీసుకెళ్ళడం నీకిష్టం లేదు!"

ఆ కేకకి మేడ మీంచి అత్త దిగి వచ్చింది. నాన్న చెల్లెలు. అన్న మంచం మీదికని ఉతికిన దుప్పటి చంకలో పెట్టుకుని ఆస్పత్రికి తయారుగా ఉంది.

"ఏంటే పొద్దున్నే ఈ రాగం?"

"అత్తా, నువ్వు చదివి చెప్పు."

అత్త నిలబడే చదివింది. నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"అచ్చం అన్నయ్యే! ఈ మనిషి నాకెప్పుడన్నా సైడిచ్చాడా? వదినా, నీ పంతులమ్మతనం పాడుగాను, ఇంతకంటే ఎవరు రాస్తారు? ఒక్కసారి బాగుందంటే నీ సొమ్మేం పోయింది? పద పద, లోపలికి వదిలే టైమయింది."

పిట్ట అమ్మ కొంగు పట్టుకుంది. "నిజం చెప్పమ్మా. ఇది నాన్నకి నచ్చదా?"

అమ్మ ఆ కాగితాన్ని రెండు చేతులతో గుండెలకి అదుముకుంది. ఆవిడన్న మాట ఇదిగో, ఉన్నదున్నట్టు గుర్తుపెట్టుకోండి. రేపు మీరు ఇంకొకరికి చెప్పేటప్పుడు కూడా దీనికేమీ కలపకండి.

"బాగుందమ్మా, చాలా బాగుంది. బాగుందంటే తీసుకెళ్ళి వినిపించాలి కదా, అందుకే అనలేకపోయాను. తెల్లవారుజామున ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది, వినడానికి ఇక నాన్న లేడు."