పన్నెండో మడత

"ఫ్లెక్సీ వద్దు. గుడ్డ మీదే రాయాలి," అన్నాడు నాయకుడి అనుచరుడు.

ఫ్లెక్సీ వేస్తే అడుగున ప్రెస్సు పేరు పడుతుంది. గుడ్డకి ఆ బాధ లేదు.

బోర్డులు రాసే దుకాణం ఓనరు చీటీ అందుకుని చదివాడు.

'బయటివాళ్ళను వదలకండి.'

"రేపు పదింటికల్లా కావాలి. ఊరేగింపు వెనక వీధి మీదుగానే."

వెనక వీధిలో ఉండేది బయటినుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. ఓనరు కూతురు పెళ్ళి చేసుకున్నది వాళ్ళబ్బాయినే. కాపురమూ అక్కడే.

"చేతినిండా పని ఉంది బాబూ..." నసిగాడు ఓనరు.

"నువ్వు మనవాడివేనా, కాదా?"

ఆ ప్రశ్నకి నీళ్ళు నమిలిన వాళ్ళ దుకాణాలు రెండు ఈ నెలలోనే తగలబడ్డాయి. టీవీలో మంటలు చూపించి, వెంటనే సబ్బు ప్రకటన వేశారు.

"మనవాణ్ణే," అన్నాడు ఓనరు.

అనుచరుడు వెళ్ళగానే కూతురికి ఫోన్ చేశాడు.

"రేపొక్కరోజు ఇంటికి రామ్మా."

"ఆయన్ని కూడా రానిస్తావా నాన్నా?"

అల్లుడితో మాట మానేసి రెండేళ్ళు. "ముందు నువ్వు రామ్మా," అన్నాడు ఓనరు. అవతల ఫోన్ పెట్టేసింది.

గుడ్డ పరిచాడు. అక్షరాలు పదకొండు, మధ్య ఖాళీకి ఒకటి. పన్నెండు మడతలు వేసి, మడత మడతకీ సుద్దగీత పెట్టాడు. కుంచె అందుకుని, మళ్ళీ కింద పెట్టేశాడు.

"పెద్దాయనా, ఇది నువ్వు రాయి."

పెద్దాయన మూడు రోజుల కిందట పని అడుక్కుంటూ వచ్చాడు. ఏ ఊరంటే నవ్వుతాడు. రాత మాత్రం ముత్యాలే. ప్రతి బోర్డు మూలా తోక ఎత్తిన చిన్న పిచ్చుకని గీస్తాడు. ఎందుకంటే, "నా సంతకమండీ. కుర్రతనం నుంచీ అలవాటు," అన్నాడు.

పెద్దాయన చీటీని రెండుసార్లు చదివాడు.

"మీ అమ్మాయి ఉండేది వెనక వీధిలోనే కదండీ?"

"రాయమన్నది రాయవయ్యా. ఆరాలెందుకు?"

"అలాగేనండీ."

"దీని మీద పిట్ట వెయ్యకు."

"వెయ్యనండీ. ఈసారి వెయ్యను."

పొద్దున అనుచరులొచ్చి, చుట్టి ఉన్న గుడ్డని అలాగే ఎత్తుకుపోయారు.

ఓనరు దుకాణంలో టీవీ ముందు కూలబడ్డాడు. ఊరేగింపు చూపిస్తున్నారు. కర్రలు, పెట్రోలు డబ్బాలు. అందరికన్నా ముందు బ్యానరు.

బ్యానరు వెనక నడిచేవాళ్ళకి దాని వెనకవైపే కనిపిస్తుంది. నాయకత్వంలో అదొక సుఖం.

ముందునుంచి చదివింది టీవీ అమ్మాయే. "బయటివాళ్ళను వదలండి అంటూ భారీ ప్రదర్శన..." అని ఆగిపోయింది.

ఓనరు లేచి నిలబడ్డాడు. క లేదు. సున్న వెళ్ళి ల పక్కన చేరింది.

"క ఏదయ్యా?"

పెద్దాయన కుంచె కడుగుతున్నాడు. "పోయిందండీ."

"పోయిందా? నన్ను నిలువునా పాతేస్తారు కదయ్యా వాళ్ళు!"

చెంప ఛెళ్ళుమంది. పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టలేదు.

"ఫో. మళ్ళీ నీ మొహం చూపించకు."

కుంచెల పెట్టె తీసుకోవడానికి కూడా ఆగనివ్వకుండా మెట్లు దింపేశాడు.

టీవీలో ఊరేగింపు వెనక వీధి మలుపుకి చేరింది. మేడ మీదనుంచి ఒక ముసలామె గట్టిగా చదివింది.

"వదలండి అనే రాసుకొచ్చారుగా నాయనా. వదిలేసి పొండి మరి."

ఎవరో కిసుక్కుమన్నారు. కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. వీధంతా నవ్వింది.

"మన నాయకుడు మాట మార్చాడా ఏంటి? మనకి చెప్పలేదే," అన్నాడు వెనక వరసలో ఒకడు.

"మార్చుంటాడు. ఎన్నికలుగా."

"నువ్వు నోర్ముయ్యి."

"నువ్వు ముయ్యి."

డబ్బాలు పట్టుకున్నవాళ్ళు ఒకళ్ళ కాలర్లు ఒకళ్ళు పట్టుకున్నారు. పోలీసులు తీరిగ్గా వచ్చేసరికి సగంమంది ఇళ్ళకి పోయారు.

ఫోన్ మోగింది.

"వెళ్ళిపోయారు నాన్నా. అందరం బాగున్నాం. నవ్వి నవ్వి మా అత్తగారికి పొలమారింది."

ఓనరు స్టూలు మీద కూర్చున్నాడు.

"మీ ఆయనకివ్వు."

"ఎవరికి?"

"అల్లుడికమ్మా."

అవతల ఫోన్ చేతులు మారింది. "మావయ్యగారూ... భోంచేశారా?"

"లేదు బాబూ. ఇద్దరూ వచ్చెయ్యండి. కలిసి తిందాం."

మధ్యాహ్నం అనుచరుడొచ్చి బ్యానర్ని గుమ్మంలో విసిరేశాడు.

"అక్షరం మింగినవాడేడీ?"

"తన్ని తరిమేశాను."

"మంచి పని చేశావ్," అని వెళ్ళిపోయాడు.

ఓనరు గుడ్డ పరిచాడు. పొరపాటున అక్షరం జారితే ఎక్కడో చోట వెలితి కనిపిస్తుంది. ఇక్కడ వెలితి లేదు. అక్షరాలు సమానంగా కూర్చున్నాయి. వంగి చూశాడు. తను పెట్టిన సుద్దగీతలన్నీ తడిగుడ్డతో తుడిచేసి ఉన్నాయి. పన్నెండు మడతల గుడ్డని ఎవరో ఓపిగ్గా పదకొండుగా మళ్ళీ మడిచారు.

చెప్పులు కూడా వేసుకోకుండా బస్టాండుకి పరిగెత్తాడు. ప్రతి బస్సూ ఎక్కి చూశాడు. పెద్దాయన లేడు.

తిరిగొచ్చి, కనీసం ఊరైనా తెలుస్తుందేమోనని కుంచెల పెట్టె తెరిచాడు.

మూత లోపల ఒక పాత పేపరు ముక్క అంటించి ఉంది. ఇరవై ఏళ్ళనాటి ఫొటో. బూడిదైన వీధి, చివర ఒక గోడ. గోడ మీద అవే పదకొండు అక్షరాలు. క ఉంది.

ఆ గోడ మూల, మసి అంటని చోట, తోక ఎత్తిన చిన్న పిచ్చుక.